మరమ్మతులో మిగిలిన చరిత్ర: బస్తర్ ఇనుము, ఒక పాత బుల్లెట్

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జూలైలో మోటారు వాహన నిబంధనలకు ఒక సవరణ తెచ్చింది. ఏబది ఏండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా గుర్తించి, వాటికి ప్రత్యేకమైన రిజిస్ట్రేషన్ కల్పించడం దాని ఉద్దేశం. రాష్ట్ర సంకేతాక్షరాల పక్కన ‘వి.ఎ.’ అనే అక్షరాలు, తొలిసారి ఇరవై వేల రూపాయల రుసుము, పదేండ్ల గడువు అందులోని ముఖ్యాంశాలు. అయితే ఆ హోదా పొందగోరే వాహనం మూలరూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లోగాని, పైతొడుగులోగాని, ఇంజనులోగాని గణనీయమైన మార్పులు చేసి ఉండరాదు. కాగితం మీద చదివినప్పుడు ఇందులో తప్పుపట్టవలసినదేమీ కనబడదు. ప్రాచీన వస్తు సంరక్షణతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి ఇది మరీ సబబుగా తోస్తుంది. నాకూ అలాగే తోచింది, బస్తర్‌లో ఒక పాత మోటారు సైకిలు నా చేతికి వచ్చేవరకు.

ఉద్యోగరీత్యా మూడేండ్లు జగదల్‌పూర్‌లో ఉండవలసి వచ్చింది. ఆ రోజుల్లో కొండగావ్‌కు సమీపాన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని పెరటి కొట్టంలో, ధాన్యపు బస్తాల వెనుక, 1968 నాటి 350 సి.సి. బుల్లెట్ ఒకటి కంటబడింది. ఒకప్పుడు ఏదో ప్రభుత్వ శాఖ వేలం వేయగా ఆయన తండ్రి కొన్నారట. ఇరవై ఏండ్లుగా కదలలేదు. కిక్కు తొక్కితే ఎదురొత్తిడి బొత్తిగా లేదు. ఇంజను అరిగిపోయిందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అంతకన్న చిక్కైన సంగతి ఫ్రేముది. ఇంజనుకు ముందుగా, హ్యాండిలు మెడ నుంచి కిందికి దిగే గొట్టం ఒక పక్కకు వంగి ఉంది. వంపు మొదలయ్యే చోట, అనేక పూతల రంగు కింద, జానెడు పొడవున ఒక ఇనుప పట్టీ చుట్టి ఉంది. రంగు గీకి చూస్తే దాని మీద సుత్తి దెబ్బలు వరుసగా కనిపించాయి. రెండు కొసల్లో చేతితో మలచిన రివెట్లున్నాయి. అది కర్మాగారపు పని కాదు, కొలిమి పని.

ఈ బండి పుట్టుక తెలిసిందే గనుక క్లుప్తంగా చెప్పవచ్చు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1932లో బుల్లెట్ అనే పేరును మొదటిసారి వాడింది. స్వాతంత్ర్యానంతరం మన సైన్యానికి, పోలీసు బలగాలకు గట్టి మోటారు సైకిలు కావలసి వచ్చినప్పుడు ప్రభుత్వం 350 సి.సి. బుల్లెట్‌ను ఎంచుకొని ఎనిమిది వందల బండ్లకు ఆర్డరు ఇచ్చింది. దాని పర్యవసానంగా 1955లో మద్రాస్ మోటార్స్‌తో భాగస్వామ్యం కుదిరి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో మొదట విడిభాగాలను కూర్చడం, తరువాత అన్ని భాగాలను ఇక్కడే తయారుచేయడం సాగింది. 1967లో రెడిచ్ కర్మాగారం మూతపడింది. 1970 నాటికి మాతృసంస్థే లేకుండా పోయింది. బిడ్డ మాత్రం తిరువొత్తియూరులో అవే కొలతలతో, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 ఘన సెంటీమీటర్ల పోత ఇనుప సిలిండరుతో దశాబ్దాల పాటు బతికింది. మూలరూపం అనే మాట ఇక్కడే కొంత తడబడుతుంది. మూలం మూతపడిన తరువాత తయారైన బండికి మూలరూపమేది?

ఇటువంటి బండి బస్తర్‌లో ఎలా మనగలిగిందన్నది అసలు ప్రశ్న. 1948 జనవరి 1న బస్తర్ సంస్థానం మధ్యపరగణాలలో విలీనమైంది. తదుపరి ఏర్పడిన బస్తర్ జిల్లా సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ రాష్ట్రం కంటే పెద్దది. 1998లో విభజించేవరకు అంతటి భూభాగాన్ని ఒకే కలెక్టరు కార్యాలయం పాలించింది. మొరం బాటలు, వానాకాలంలో తెగిపోయే వాగులు, రోజుకొక బస్సు. అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులకు ఎడ్లబండి తరువాత దిక్కు జీపు, లేదా మోటారు సైకిలు. బండి చెడితే కంపెనీ వారి మరమ్మతు కేంద్రం రాయ్‌పూర్‌లోనో విశాఖపట్నంలోనో ఉండేది. దారిలో ఉండేది కమ్మరి కొలిమి. మన బండి ఫ్రేము మీది పట్టీకి ఇంతకు మించిన వివరణ అక్కరలేదు. కల్వర్టు మీద పడిందో, మోయరాని బరువు మోసిందో, గొట్టం వంగి పగిలింది. దగ్గరి ఊరి కమ్మరి కట్టు కట్టాడు. బండి మళ్ళీ నడిచింది.

అయితే ఆ కమ్మరి వాడిన ఇనుము ఎక్కడిది? ఈ ప్రశ్న వేసుకుంటే కథ మోటారు సైకిలును దాటి వెనక్కు పోతుంది.

బస్తర్ దక్షిణాన బైలడిలా కొండలున్నాయి. ఎద్దు మూపురం వంటి ఆకారం వల్ల ఆ పేరు. 1930లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు క్రుక్‌శాంక్ అక్కడ పద్నాలుగు ముడి ఇనుప నిక్షేపాలను గుర్తించి పటం గీశాడు. శాస్త్రజ్ఞులు రాకముందే ఈ ప్రాంతపు వారికి రాయి నుంచి ఇనుము తీయడం తెలుసు. మట్టితో కట్టిన నడుమెత్తు కొలిమి, అడవి బొగ్గు, కాళ్ళతో తొక్కే తోలు తిత్తులు, రోజంతా శ్రమిస్తే దక్కే చిన్న ఇనుప ముద్ద. మధ్యభారతంలోని అగారియాలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక గ్రంథమే వెలువరించాడు. కొలుములపై పన్ను, బొగ్గు కాల్చుకోవడానికి అడవిలో ఆంక్షలు, బజారులో చవకగా దొరికే ఫ్యాక్టరీ ఇనుము, ఈ మూడూ కలిసి ఆ విద్యను ఎలా అంతరింపజేశాయో ఆయన చూపాడు. బస్తర్‌లో అడవుల రిజర్వు విధానం 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒకటన్నది చరిత్రకారులు అంగీకరించిన విషయమే. తిరుగుబాటు చరిత్రలో నిలిచింది. ఆరిపోయిన కొలుముల లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఇది మన తెలుగునాటికి కొత్త కథ కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు; ఆ పరిశ్రమ జ్ఞాపకంగా మిగిలింది. బస్తర్‌లో మాత్రం ఇనుము కరగించడం పోయినా, ఇనుమును మలచడం పోలేదు.

ఎలా మిగిలిందో చూస్తే ఒక వైచిత్రి కనిపిస్తుంది. జపాన్‌కు ముడి ఇనుము ఎగుమతి చేసేందుకై 1960లలో విశాఖ సమీపాన కొత్తవలస నుంచి అరకు కొండల మీదుగా కిరందుల్ వరకు రైలుమార్గం వేశారు. 1968లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ బైలడిలాలో తవ్వకం ప్రారంభించింది. మన బుల్లెట్ పుట్టిన ఏడాదే అది! నాటి నుంచి అర్ధశతాబ్ది పైగా బస్తర్ కొండ రైలెక్కి సముద్రానికి పోతూనే ఉంది. జగదల్‌పూర్ సమీపాన నగర్‌నార్‌లో ఉక్కు కర్మాగారపు కొలిమి వెలిగింది 2023 ఆగస్టులోగాని కాదు. ఈ నడిమి కాలమంతా కొండ నీడలోనే బతికిన కమ్మరికి ఆ కొండ ఇనుము అందలేదు. అతడు పాత ఇనుప సామాను కొనుక్కున్నాడు: విరిగిన లారీ కమానులు, డ్రమ్ము రేకులు, కడ్డీ ముక్కలు. కొండగావ్ కమ్మరులు ఆ తుక్కుతోనే దీపపు సెమ్మెలు, జింకలు, గుర్రాలు మలచి ఢిల్లీ ప్రదర్శనలకు పంపారు. ‘బస్తర్ ఇనుప శిల్పం’ భౌగోళిక గుర్తింపు కూడ పొందింది. ఆ గుర్తింపు పొందిన ఇనుములో ఎంత పాలు అశోక్ లేలాండ్ లారీలదో, టాటా లారీలదో చెప్పడం కష్టం.

ఇక మరమ్మతు సంగతి. ఇంజను పని జగదల్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు మేస్త్రి చేతికి వెళ్ళింది. ఆయన తండ్రి విజయనగరం జిల్లా నుంచి రైలుమార్గపు కూలీగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన సిలిండరు ఊడదీసి, పిస్టను తల మీది మసి తుడిచి, అక్కడ కొట్టి ఉన్న ‘40’ అనే అంకె చూపించారు. మెకానిక్కులు నేటికీ బోరును అంగుళంలో వెయ్యో వంతులలోనే లెక్కిస్తారు. కర్మాగారం నుంచి వచ్చినప్పటి కొలతపై నలభై వంతుల మేర పెద్ద పిస్టను వేశారంటే, ఆ సిలిండరును అప్పటికే ఒకటికి రెండుసార్లు కోసి ఉండాలి. పోత ఇనుప సిలిండరుకు అరవై వరకే అవకాశం. అంటే ఒక్క కోత మిగిలి ఉంది. ఆ తరువాత లోపల స్లీవు దించడమే గతి. శాసన పాఠంలో తేదీ దొరికినంత సంతోషం కలిగిందంటే అతిశయోక్తి కాదు.

సిలిండరు అరుగుదల కూడ చదవదగిన లిపియే. పిస్టను పైకి కిందికి ఆడేటప్పుడు కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల అది ముందు వెనుక గోడల మీద మొగ్గుతుంది. అందుచేత గుండ్రని బోరు క్రమేణా కోడిగుడ్డు ఆకారమవుతుంది. రింగులు తిరిగి మళ్ళే పైఅంచున మెట్టు కడుతుంది. ఈ సిలిండరులో ఆ మెట్టు గోటికి తగిలేంతగా ఉంది. గాలి వడపోత డబ్బా ఎప్పుడో పోయిందని, దాని స్థానంలో గుడ్డ కట్టి నడిపి ఉంటారని మేస్త్రి ఊహ. బస్తర్ ఎర్రదుమ్ము నూనెతో కలిస్తే ఆకురాయి కంటె తక్కువ పని చేయదు. బోరు ‘అరవై’కి కోయించి కొత్త పిస్టను, రింగులు వేశాం. బిగ్ ఎండ్ బుష్ మార్చాం. వాల్వులు సానబట్టించాం. కార్బురేటరు, వైరింగు, బ్రేకులు వంటివి డబ్బు, ఓపిక ఉంటే అయ్యే పనులు. వాటి గూర్చి చెప్పుకోవలసినదేమీ లేదు.

ఫ్రేము దగ్గరే పేచీ వచ్చింది.

“ఫ్రేము మార్చీండి బాబూ! రాయ్‌పూర్ తుక్కు బజార్లో మంచిది దొరుకుతాది. ఈ కట్టు బండి మీద నేనయితే మా అబ్బాయిని ఎక్కనివ్వను” అన్నారు మేస్త్రి.

“మారిస్తే నంబరు పోతుంది గదా, మేస్త్రిగారూ!” అన్నాను.

“నంబరుదేముంది బాబూ...” అని ఊరుకున్నారు. ఆయన చెప్పకుండా విడిచిన మాట ఏదో ఉభయులకూ తెలుసు. చట్టం దృష్టిలో వాహనానికి గుర్తింపు దాని ఛాసిస్ సంఖ్య. మోటారు సైకిలు విషయంలో అది ఫ్రేము మీదే చెక్కి ఉంటుంది. ఇంజను మార్చినా బండి అదే అనిపించుకోగలదు. ఫ్రేము మారిస్తే ఆ బండి లేనట్లే. దాని రిజిస్ట్రేషన్ పుస్తకం ఒక మృతుని జాతక చక్రం. పాత సంఖ్యను కొత్త ఫ్రేము మీద కొట్టించడం నేరం. అందుచేత వంగిన ఫ్రేమునే తిన్నగా చేయాలి, లేదా బండిని వదులుకోవాలి.

కొండగావ్ సమీపంలో ఒక వృద్ధ కమ్మరి వద్దకు ఫ్రేమును తీసుకుపోయాం. ఆయన పట్టీని చూస్తూనే అది లారీ కమాను ముక్క అని పోల్చాడు. “ఒక అంచు ఎక్కువ కాల్చాడు సాహెబ్, అందుకే అక్కడ పొరలు లేచింది” అని హల్బీలో అన్నాడు. ఎవరి చేతి పనో చెప్పగలవా అని అడిగితే నవ్వి, మా వాళ్ళలో ఎవరిదైనా కావచ్చునన్నాడు. రివెట్ల తలలు కోసి పట్టీ విప్పగానే అసలు సంగతి బయటపడింది. ఆ పట్టీ పగిలిన గొట్టాన్ని ఏళ్ళ తరబడి పట్టి ఉంచింది, నిజమే. కాని దాని లోపల వాననీరు నిలిచి, గొట్టం గోడను తుప్పు సగం తినేసింది. రక్షించినదే క్షీణింపజేసింది. పాత కట్టడాలకు సిమెంటు పూతలు పూసిన చోట్ల మన పురావస్తు శాఖల వారు ఎరిగిన అనుభవమే ఇది.

పని రెండు రోజులు పట్టింది. గొట్టాన్ని వేడి చేసి వంచితే నలిగి మడత పడుతుంది గనుక, ముందుగా లోపల ఎండిన ఇసుక దట్టించి రెండు వైపులా చెక్క బిరడాలు కొట్టారు. కొలిమిలో ఎర్రబారినంత మేరనే, దాగలి అంచున ఆనించి, చిన్న సుత్తితో కొద్దికొద్దిగా తిన్నగా తెచ్చారు. ఒక్క దెబ్బ బలంగా వేయలేదు. ఆ తరువాత ఫ్రేమును మేస్త్రి వద్దకు తెచ్చి, తుప్పు తిన్న భాగాన్ని కోసి, లోపల సరిపడు గొట్టపు ముక్క దించి, పైన కొత్త గొట్టాన్ని కలిపి గ్యాసు వెల్డింగు చేయించాం. రెండు చక్రాలూ బిగించి, వెనుక చక్రం నుంచి ముందు చక్రానికి నూలుదారం లాగి చూశాం. దారం నాలుగు చోట్లా తాకింది. మేస్త్రి ఆ దారాన్ని మూడుసార్లు లాగి చూశారు. కమ్మరి పని మీద ఆయనకు అంతకు ముందు లేని గౌరవం కలిగిందని నా అనుమానం, ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

ఇక మిగిలినది ఆ పట్టీ. ఇప్పుడు దాని అవసరం లేదు. తీసివేస్తే ఫ్రేము తిరువొత్తియూరు నుంచి వచ్చినట్లే కనబడుతుంది, రంగు కింద వెల్డింగు ఎవరికీ తెలియదు. వింటేజ్ తనిఖీ అధికారికి కూడ బహుశా తెలియదు. తిరిగి బిగిస్తే అది మార్పు చేసిన ఛాసిస్ అని తొలిచూపులోనే తెలుస్తుంది.

ఈ సందిగ్ధం నా ఒక్కడిదే కాదు. 1964 నాటి వెనిస్ ప్రకటన ప్రాచీన కట్టడాల పునరుద్ధరణలో ఏ ఒక్క కాలపు ఏకరూపతనో లక్ష్యంగా పెట్టుకోరాదని, అన్ని కాలాల సార్థకమైన చేర్పులనూ గౌరవించాలని చెప్పింది. 1994లో జపాన్‌లోని నారా నగరంలో వెలువడిన పత్రం మరొక అడుగు ముందుకు వేసి, ప్రామాణికతను పదార్థంలోనే కాక వాడుకలోను, సంప్రదాయంలోను, పనితనంలోను వెదకవచ్చునన్నది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం వాహనపు వాడుక కాలంలో వచ్చిన మార్పులను దాని చరిత్రకు సాక్ష్యాలుగా పరిగణిస్తుంది. మన నిబంధన మాత్రం కర్మాగారం గేటు దాటిన క్షణం దగ్గరే ఆగిపోయింది. అది తప్పని నేననను. తుక్కు బజారులో పది బండ్ల ముక్కలు కలిపి ‘పురాతన’ వాహనం తయారుచేసేవారిని అరికట్టవలసి ఉంది. కాని ఆ వలలో పడేది మోసగాడొక్కడే కాడు. గాజుతలుపుల గ్యారేజీలో నిలిచిన బండికి హోదా సులభంగా దక్కుతుంది; బస్తర్ బాటల మీద పని చేసిన బండికి దక్కదు.

నారా వరకు పోనక్కరలేదు, జగదల్‌పూర్‌లోనే దృష్టాంతం ఉంది. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశస్థుడు అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి రాజ్యం స్థాపించాడని సంప్రదాయం. దంతేవాడలోని 1703 నాటి దిక్పాలదేవుని శాసనం ఆ వంశక్రమాన్ని చెబుతుంది. ఆ వంశంలో పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి రథపతి బిరుదుతో తిరిగి వచ్చాడని, నాటి నుంచి దసరాకు రథోత్సవం సాగుతున్నదని బస్తర్ ప్రజల నమ్మకం. డెబ్బై అయిదు రోజుల ఆ ఉత్సవంలో నాలుగు చక్రాల పూలరథం, ఎనిమిది చక్రాల విజయరథం ఉంటాయి. ఒక ఏడు ఒకటి, మరుసటి ఏడు మరొకటి కొత్తగా నిర్మిస్తారు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామాల వడ్రంగులు బాడిసలతో చెక్కుతారు, కమ్మరులు ఇనుప సామాను అందిస్తారు. రథంలో రెండేండ్లు దాటిన కర్ర ఉండదు. అయినా అది ఆ పాత రథమే అనడానికి దంతేశ్వరీ దేవి భక్తులెవరూ సంకోచించరు. ఒక దసరా నాడు సిరాసార్ దగ్గర నిలబడి ఆ చక్రాలను చూస్తూ నేను నా పట్టీ సంగతి తేల్చుకున్నాను.

పట్టీని కమ్మరి వద్దకే మళ్ళీ తీసుకుపోయాను. అతడు ఎక్కువ కాలిన అంచును కోసివేసి, మిగిలినదానిని నీరు నిలవకుండా కింద సందు వదిలి, లోపల రెడ్ ఆక్సైడు పూసి, పాత రంధ్రాలలోనే కొత్త రివెట్లు దిగగొట్టాడు. “లోపల బాగుచేసాం గదా బాబూ, మళ్ళీ ఈ కట్టెందుకు?” అని మేస్త్రి అడిగారు. నేనేదో చెప్పాను గాని, ఆయన ఒప్పుకునే జవాబు కాదది. పట్టీకి రంగు వేయలేదు, నూనె మాత్రం రాశాం.

‘వి.ఎ.’ అక్షరాల కోసం దరఖాస్తు పెట్టలేదు. మామూలు వాహనాల వలెనే తనిఖీ చేయించి, చట్టప్రకారం అయిదేండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. తనిఖీకి వచ్చిన అధికారికి పట్టీని చూపి, లోపలి వెల్డింగు సంగతీ దాచకుండా చెప్పాను. ఆయన బండిని ఒకసారి నడిపి చూసి, బ్రేకు గట్టిగా పట్టి, సంతకం చేశారు. కొత్త పిస్టను కుదురుకునేవరకు, తొలి ఎనిమిది వందల కిలోమీటర్లు, గంటకు నలభై మించవద్దని మేస్త్రి ఆజ్ఞ. కేశ్‌కాల్ ఘాటు దిగువ వరకు రెండుసార్లు పోయివచ్చాను. ఇంకా మూడు వందలు మిగిలి ఉన్నాయి.